వర్క్‌షాప్ కప్పుకి ఇన్సులేషన్ వేస్తే వేపర్ బ్యారియర్ కావాలా?

మీరు రాసినదాన్ని బట్టి మీ షెడ్డు ఆరు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు. చెక్క వాసాలు, పైన ఇనుప రేకులు. వాసాల మధ్య 100 మి.మీ. గ్లాస్ వూల్ (గాజు నారతో చేసిన దూదిలాంటి ఇన్సులేషన్) పెట్టి, కింద 12 మి.మీ. ప్లైవుడ్ కొట్టేద్దామనుకుంటున్నారు. మధ్యలో వేపర్ బ్యారియర్, అంటే నీటి ఆవిరిని దాటనివ్వని పాలిథీన్ షీట్ లాంటి పొర, వేయకపోతే కప్పు కుళ్లిపోతుందని ఒకరన్నారు, వేస్తేనే కుళ్లిపోతుందని ఇంకొకరన్నారు. చలిరోజుల్లో సాయంత్రాలు హీటర్ పెట్టుకుని చెక్కపని చేస్తారు. ముందుముందు ఏసీ పెట్టే ఆలోచన కూడా ఉంది.

ఆ ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. చెరో రకం కప్పును మనసులో పెట్టుకుని మాట్లాడారు, అంతే.

మీ షెడ్డు వరకు నా మాట: పాలిథీన్ వద్దు. ప్లైవుడ్ పలకల సందులన్నీ గాలి దూరకుండా మూయండి, గ్లాస్ వూల్‌కీ రేకుకీ మధ్య గాలి ఆడే ఖాళీ వదలండి. నెలల తరబడి గడ్డకట్టే చలి ఉండే చోట రోజంతా హీటర్ నడిపే షెడ్డయితే లోపలి వైపు పాలిథీన్ వేయమనే చెబుతాను. ఎక్కువగా ఏసీ నడిచే షెడ్డయితే లోపలి వైపు పాలిథీన్ పొరపాటున కూడా వేయొద్దంటాను. హీటరూ ఏసీ రెండూ లేని షెడ్డుకి దాని అవసరమే లేదు. ఎందుకిలా అంటున్నానో తెలిస్తే రేపు మీ వాడకం మారినా మీరే తేల్చుకోగలరు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

20 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి గరిష్ఠంగా 17 గ్రాముల చిల్లర నీటి ఆవిరిని పట్టుకోగలదు. సున్నా డిగ్రీల దగ్గర 5 గ్రాములు కూడా పట్టుకోలేదు. లోపల 20 డిగ్రీల వేడి, 50 శాతం తేమ ఉన్నాయనుకోండి. ఆ గాలికి డ్యూ పాయింట్ 9 డిగ్రీల పైన ఉంటుంది. అంటే అంతకంటే చల్లగా ఉన్న దేన్ని తాకినా ఆ గాలిలోని ఆవిరి నీరైపోతుంది. బయట చలికి మీ రేకు 2 డిగ్రీల దగ్గర ఉంటే ఇక చెప్పేదేముంది!

ఆ నీరు గ్లాస్ వూల్ మధ్యలో ఎక్కడో పుడుతుందని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అలా జరగదు. గ్లాస్ వూల్ ఆవిరిని దాదాపు ఆపదు. ఆవిరి దాన్ని దాటుకుని పోయి, ఎదురైన మొదటి చల్లటి గట్టి వస్తువు మీద చెమరుస్తుంది. మీ కప్పులో అది రేకు అడుగు. అక్కడ బొట్లు కట్టి, గ్లాస్ వూల్ మీద పడి, దాన్ని తడుపుతుంది. నీటి ఉష్ణవాహకత పొడి గ్లాస్ వూల్ కంటే పదిహేను రెట్లకు పైనే. అందుకే తడిసిన ఇన్సులేషన్ చూడటానికి నిండుగా ఉన్నా చేయాల్సిన పని చేయదు.

ఇంత ఆవిరి ఎక్కడి నుంచి వస్తుందంటే, వర్క్‌షాపుల్లో మొదట అనుమానించాల్సింది హీటర్‌నే. పొగగొట్టం లేని గ్యాస్ హీటర్ కిలో ఎల్పీజీ మండిస్తే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి గదిలోకి వదులుతుంది. మీ షెడ్డు ఎత్తు రెండున్నర మీటర్లనుకుంటే లోపలున్న గాలి 60 ఘనపు మీటర్లు. 20 డిగ్రీల దగ్గర ఆ గాలి మొత్తం కలిపి పట్టుకోగలిగింది లీటరు నీరు, అంతే. మిగతాది ఎక్కడికి పోవాలి? గోడలకీ, కిటికీ అద్దాలకీ, మీ రంపం బల్లకీ, కప్పుకీ పోతుంది. కాబట్టి పాలిథీన్ గురించి ఆలోచించే ముందు హీటర్ ఏ రకమో చూసుకోండి. కరెంటు హీటర్ పెడితేనో, పొగగొట్టం బయటికి ఉన్నది పెడితేనో సగం సమస్య అక్కడే తీరిపోతుంది. పొగగొట్టం లేనిదాన్ని మూసిన గదిలో వాడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం కూడా ఉంది. రేపు సందులన్నీ మూశాక ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అందుకని ముందు హీటర్ మార్చండి, తర్వాతే సందులు మూయండి.

రెండోది పచ్చి చెక్క. ఎండితే 500 కిలోలు తూగే చెక్కలో తేమ 30 శాతం నుంచి 12 శాతానికి దిగేటప్పటికి 90 కిలోల నీరు బయటికొస్తుంది. ఆరబెట్టడానికని షెడ్డు లోపల ఒక మూల పలకలు పేర్చే అలవాటుంటే మానుకోండి. వాటికి బయట నీడలో చోటు చూడండి.

మూడోది గచ్చు. 45 సెం.మీ. చదరపు పాలిథీన్ ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేప్‌తో గట్టిగా అంటించి, ఒక రోజు వదిలేయండి. తీసి చూస్తే అడుగున చెమ్మ కనబడినా, కాంక్రీటు రంగు ముదిరినా కింది నుంచి తేమ ఎక్కుతోందని అర్థం. అప్పుడు కప్పు కంటే ముందు నేల సంగతి చూడాలి.

ఇవన్నీ లోపల పుట్టే నీళ్లు. రేకు కప్పులకి ఇంకో నీరుంది. వేపర్ బ్యారియర్ మీద వాదించుకునే వాళ్లలో చాలామంది దాని ఊసే ఎత్తరు.

మబ్బులు లేని రాత్రి రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువగా చల్లబడుతుంది. అప్పుడు బయటి గాలే, లోపల హీటర్ లేకపోయినా, మనిషన్నవాడు లేకపోయినా, రేకు రెండు వైపులా చెమరుస్తుంది. తెల్లవారి ఖాళీ షెడ్డులో కూడా రేకు నుంచి చుక్కలు రాలేది ఇందుకే. ఈ నీరు రేకు కింది ఖాళీలో ఉన్న గాలిలోంచి వచ్చింది. మీరు ప్లైవుడ్ పక్కన ఎంత మంచి బ్యారియర్ వేసినా దీన్ని ఆపలేదు. పైగా ఆ నీరు గ్లాస్ వూల్ మీద పడ్డాక కిందికి ఆరే దారిని ఆ పాలిథీనే మూసేస్తుంది. ‘వేస్తేనే కుళ్లిపోతుంది’ అన్నాయన బహుశా ఇలాంటి కప్పునే విప్పి చూసి ఉంటారు.

దీనికి మందు వేరే ఉంది. కొత్త రేకులు కొనేవాళ్లయితే అడుగున ఫ్లీస్ అనే మెత్తటి గుడ్డలాంటి పొర అంటించినవి దొరుకుతాయి. రాత్రి చెమ్మను ఆ పొర పట్టుకుని పగలు గాలికి వదిలేస్తుంది. ఉన్న రేకుల్ని ఒకసారి విప్పడానికి సిద్ధమైతే వాటి కింద ఆవిరిని వదిలి నీటిని ఆపే రూఫింగ్ మెంబ్రేన్ పరిచి, దాని కింది అంచును చూరు దాటి బయటికి వదలండి. రేకు నుంచి రాలిన చుక్క దాని మీద జారి బయటికి పోతుంది. రెండూ కుదరకపోతే కనీసం 50 మి.మీ. ఖాళీ వదిలి, చూరు దగ్గరా కప్పు పైకొస దగ్గరా గాలికి దారి ఇవ్వండి. చుక్కలు పడతాయి, కానీ ఆరతాయి. ఆ దారులకి పురుగులు దూరని జాలీ కొట్టడం మర్చిపోకండి.

వాసాల లోతు 100 మి.మీ. మాత్రమే ఉంటే 100 మి.మీ. గ్లాస్ వూల్‌ని అందులో కుక్కేయాలని చూడకండి. వాసాల కింద అడ్డంగా 50 మి.మీ. బ్యాటెన్లు (చెక్క పట్టీలు) కొట్టి లోతు పెంచుకోండి. గ్లాస్ వూల్ పైకి ఉబ్బి రేకుని తాకకుండా దాని మీద నైలాన్ తాడు అటూ ఇటూ లాగి కడితే చాలు.

ఇప్పుడు అసలు తగువులోకి వద్దాం. ఆవిరి కప్పులోకి రెండు దారుల్లో వెళ్తుంది. ఒకటి, ప్లైవుడ్ లాంటి పదార్థం గుండానే మెల్లగా ఇంకి దాటడం. రెండు, సందుల్లోంచి వేడిగాలితో కలిసి పోవడం. వేపర్ బ్యారియర్ ఆపేది మొదటిదాన్ని. కప్పుల్ని పాడుచేసేది ఎక్కువగా రెండోది. ఒక అంగుళం చదరపు కంతలోంచి గాలితో పోయే తేమ, కంత లేని పెద్ద బోర్డు మొత్తం గుండా ఇంకి పోయే తేమ కంటే ఎన్నో పదుల రెట్లు ఎక్కువ. వేడిగాలి పైకే తన్నుకొస్తుంది కాబట్టి కప్పులో ఏ కంత ఉన్నా అది పొగగొట్టంలా పనిచేస్తుంది. మూలల్లో టేప్ వేయకుండా, లైట్ల కోసం కోసిన కంతలు అలాగే వదిలేసి స్టేపుల్స్‌తో కొట్టిన పాలిథీన్ చిరిగిన దోమతెరతో సమానం.

పాత సీలింగ్ విప్పినప్పుడు ఈ సంగతి కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. గ్లాస్ వూల్ అంతా పసుపుగా, శుభ్రంగా ఉంటుంది. పలకల అతుకుల ఎదురుగా మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు నల్లటి చారలుంటాయి. అది బూజనుకుని కంగారు పడతారు గానీ చాలాసార్లు అది దుమ్ము. అతుకులోంచి పైకి పోయిన గాలిని గ్లాస్ వూల్ వడపోసింది, దుమ్ము అక్కడ మిగిలిపోయింది. ఆ చారకి నేరుగా పైన రేకు మీద చూడండి, స్క్రూల చుట్టూ తుప్పు వలయాలు కనబడతాయి. చార లేని చోట స్క్రూలు ఇంకా మెరుస్తూనే ఉంటాయి. గాలి పోయిన చోటే నీరు చేరిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి ప్లైవుడ్ గుండా ఇంకిపోయే ఆవిరి మాటేమిటి అంటే, అక్కడే మీకు కలిసొచ్చే విషయం ఒకటుంది. ఆవిరి ఎంత సులువుగా దాటుతుందో చెప్పడానికి పర్మ్ అనే కొలత వాడతారు. 0.15 మి.మీ. పాలిథీన్ సుమారు 0.06 పర్మ్, అంటే దాదాపు పూర్తి అడ్డు. పొడిగా ఉన్న ప్లైవుడ్ ఒక పర్మ్ లోపే ఉంటుంది. బ్యారియర్ అనలేం గానీ ఆవిరిని బాగానే నెమ్మదింపజేస్తుంది. తేమ పెరిగితే అదే ప్లైవుడ్ ఆవిరిని కొన్ని రెట్లు ఎక్కువగా వదులుతుంది. కప్పు పొడిగా ఉన్నప్పుడు అడ్డుకోవడం, తడిసినప్పుడు ఆరనివ్వడం, మనకి కావాల్సింది సరిగ్గా ఇదే. ఇదే గుణం కోసం కంపెనీలు స్మార్ట్ మెంబ్రేన్ పేరుతో పాలిమైడ్ షీట్లు అమ్ముతున్నాయి. సాయంత్రాలు కాసేపు హీటర్ వేసే షెడ్డుకి అతుకులు మూసిన ప్లైవుడ్ సరిపోతుంది. ఒక షరతు. దాని మీద ఆయిల్ ఎనామెల్ పెయింట్ కోటింగుల మీద కోటింగులు వేయకండి. వేస్తే ఈ గుణం పోతుంది. తెల్లగా కావాలంటే మామూలు నీటి పెయింట్ వేసుకోండి.

అతుకులు మూయడం ఎలాగంటే, పలకల అంచులన్నీ వాసం మీదో బ్యాటెన్ మీదో వచ్చేలా కొలుచుకోండి. బిగించే ముందు బ్యాటెన్ మీద సీలెంట్ ఒక వరస వేసి పలకను దాని మీదికి నొక్కి స్క్రూ చేయండి. ఎక్కువమంది వదిలేసేది గోడా కప్పూ కలిసే చుట్టుకొలత. గోడ ఎగుడుదిగుడుగా ఉంటే అక్కడ వేలు పట్టేంత సందు మిగిలిపోతుంది. దానికి ఫోమ్ నింపి, పైన చెక్క పట్టీ కొట్టండి. లైట్లను సీలింగ్‌లో కంత కోసి దింపకండి, కింద బిగించే ట్యూబ్ లైట్లు పెట్టుకోండి. వైర్లు పైపుల్లో సీలింగ్ కింది నుంచే పోనివ్వండి. చెక్కపొట్టు ఎగిరే చోట అలా కనబడేలా ఉండటం రిపేర్లకి కూడా మంచిది.

పాలిథీన్ వేయాల్సిన చలి ప్రాంతం వాళ్లకి రెండు మాటలు. షీట్ ఇన్సులేషన్‌కి వెచ్చని వైపు, అంటే కింద ఉండాలి. అతుకు దగ్గర ఒక షీట్ మీదికి ఇంకోటి 15 సెం.మీ. ఎక్కించి, ఆ అతుకు వాసం మీద వచ్చేలా చూసి టేప్ వేయాలి. షీట్ కింద 25 మి.మీ. బ్యాటెన్లు కొట్టి, ఆ తర్వాతే ప్లైవుడ్ వేస్తే వైర్లన్నీ ఆ ఖాళీలో పోతాయి, షీట్‌కి కంత పడదు.

ఏసీ నడిచే చోట లెక్క తిరగబడుతుంది. బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే ఆ గాలి డ్యూ పాయింట్ 27 డిగ్రీలు. లోపల ఏసీ 24లో పెట్టారు. రేకు కింది ఖాళీలోకి వచ్చిన ఆ ఉక్క గాలి గ్లాస్ వూల్ గుండా కిందికి దిగి, చల్లగా ఉన్న పాలిథీన్ పైవైపు చెమరుస్తుంది. కింది నుంచి చూసేవాళ్లకి ఏమీ కనబడదు. గ్లాస్ వూల్ తడిసి బరువెక్కి ప్లైవుడ్ కుంగాక, లేదా ముక్కిపోయిన వాసన వచ్చాక తెలుస్తుంది. రోజూ గంటల తరబడి ఏసీ నడపాలనుకుంటే వాసాల మధ్య గ్లాస్ వూల్ అన్న ఆలోచనే మార్చుకోమంటాను. వాసాల మీద పలకలు పరిచి చదునుగా డెక్ వేసి, దాని మీద అతుకులు లేకుండా బ్యారియర్ పరిచి, ఆ పైన పీఐఆర్ లేదా ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ ఇన్సులేషన్ బోర్డులు, వాటి మీద బ్యాటెన్లు, రేకులు వేసుకోండి. చదునైన డెక్ మీద షీట్ అంటించడం, వాసాల కింద తల ఎత్తి స్టేపుల్ చేయడం కంటే ఎంతో తేలిక, ఎంతో గట్టి. చెక్కంతా ఇన్సులేషన్ కింద గది వేడిలోనే ఉంటుంది కాబట్టి చలికాలమైనా ఎండాకాలమైనా దానికి ఇబ్బంది ఉండదు. రేకులు ఎలాగూ మార్చే వయసుకి వచ్చి ఉంటే నేను ఇదే చేస్తాను.

ఫాయిల్ అంటించిన గ్లాస్ వూల్ గురించి: ఆ ఫాయిలే వేపర్ బ్యారియర్. దాన్ని పైకి తిప్పి వేసి, కింద మళ్లీ పాలిథీన్ కొడితే రెండు మూతల మధ్య తేమ బందీ అవుతుంది. అంతకంటే పాడు పద్ధతి ఇంకోటి లేదు. ఎండ వేడి తగ్గించడానికి ఫాయిల్ వాడేవాళ్లు దానికీ రేకుకీ మధ్య కనీసం 20, 25 మి.మీ. ఖాళీ ఉంచాలి. రేకుకి అతుక్కుని ఉన్న ఫాయిల్ వేడిని వెనక్కి తిప్పలేదు.

థర్మాకోల్ వాడదామనుకునేవాళ్లు దాన్ని పీవీసీ వైర్లకి తగలనివ్వకండి. వైరు తొడుగులో మెత్తదనాన్నిచ్చే పదార్థం థర్మాకోల్‌లోకి లాగేసుకోబడి, తొడుగు పెళుసుబారుతుంది. గ్రైండింగ్, వెల్డింగ్ నిప్పురవ్వలు ఎగిరే షెడ్డులో థర్మాకోల్‌నీ పాలిథీన్‌నీ పైకి కనబడేలా వదలడం అసలే వద్దు.

పనిముట్లు తుప్పు పడుతున్నాయి, బ్యారియర్ వేస్తే ఆగుతుందా అని కూడా అడిగారు. ఆగదు. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుముకి తుప్పు వేగం పెరుగుతుంది. వారమంతా చల్లబడిన పోత ఇనుప బల్ల మీదికి ఒక్కసారిగా వెచ్చటి చెమ్మగాలి వచ్చినప్పుడు అది చెమరుస్తుంది. దానికి కావాల్సింది గాలిలో తేమ చూపే హైగ్రోమీటర్, అవసరమైతే ఆ తేమను లాగేసే డీహ్యూమిడిఫైయర్, పని అయ్యాక బల్ల మీద ఒక పూత మైనం.

సీలింగ్ మూసే ముందు వాసాల్లో తేమ ఎంతుందో మీటరుతో చూడండి. 18 శాతం దాటితే ఆగండి. మూశాక చూరుకి దగ్గరగా, చలి ఎక్కువ తగిలే వైపు ఒక పలకను మాత్రం సీలెంట్ లేకుండా, సన్నటి రబ్బరు గాస్కెట్ పెట్టి స్క్రూలతో బిగించండి. మొదటి చలికాలం చివర్లో, ఎండలు ముదరకముందే ఒక పొద్దున దాన్ని విప్పి గ్లాస్ వూల్ పైభాగం మీద చెయ్యి పెట్టి చూడండి. రేకు స్క్రూల మొనలు ఎలా ఉన్నాయో టార్చి వేసి చూడండి. స్క్రూలు తుప్పు పట్టి, గ్లాస్ వూల్ మీద నల్ల చారలుంటే సందు ఎక్కడో మిగిలిందని అర్థం, అతుకులు వెతకండి. చారలు లేకుండా పైపైన తడి ఉంటే అది ఆకాశం నుంచి దిగిన చలి పని, చూరు దగ్గర గాలి దారి పెంచండి. రెండూ లేకపోతే పలక మూసేసి పని చేసుకోండి.